నలభై ఏడు గీతల జీపు

కోనసీమ చూసి వచ్చినవాళ్ళందరూ అక్కడి పచ్చదనం గురించి రాస్తారు. నేను రాయలేను, ఎందుకంటే చూడలేదు. దారి పొడవునా నా కళ్ళు ఇంజను వేడిని చూపించే ముల్లు మీదే ఉన్నాయి. చెట్ల కోసం ఇది చదవబోయేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. మధ్యలో ఆగిపోవడంలో తప్పేమీ లేదని నాకు ఈ ప్రయాణంలోనే తెలిసింది.

ముందు నా సంగతి చెప్పాలి. అనంతపురంలో ముప్పై రెండేళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. నేను కళ్ళారా చూసిన యుద్ధమల్లా పింఛన్ల రోజు కౌంటరు దగ్గర జరిగేదే. అందుకేనేమో, ఉద్యోగం అయిపోగానే మిలటరీవాళ్ళు తమకు పనికిరావని పక్కన పెట్టిన బళ్ళను అమ్మే వేలానికి వెళ్ళి ఒక పెట్రోలు జీపు పాడుకున్నాను. దానికి తలుపులు లేవు. ముందు అద్దం మడిచి బానెట్ మీద పడుకోబెట్టుకోవచ్చు. మనం పడుకోబెట్టకపోయినా ఒక్కోసారి అదే పడుకుంటుంది.

ఇలాంటి బళ్ళున్నవాళ్ళం పాతికమందిమి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. మాలో ఒక్కరు కూడా సైన్యంలో పనిచేయలేదు. అయినా పొద్దున్నే సెల్యూట్లు కొట్టుకుంటాం. మా మతం ఒక్కటే, బండిలో ప్రతిదీ అసలుదై ఉండాలి. నట్టుకు తుప్పు పడితే ఆ తుప్పు కూడా మిలటరీదే అయి ఉండాలి. మిలటరీ రంగు బయటివాళ్ళు వేసుకోకూడదు కాబట్టి పైన మట్టిరంగు వేయించాను గానీ, లోపల ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. శుభ్రం చేసేటప్పుడు ఇంజనుకు పెట్రోలు అందించే పంపు చుట్టూ ఎలక పెట్టుకున్న పీచు గూడు ఒకటి కనిపిస్తే, దాన్ని మాత్రం పీకి పారేశాను.

ఇక అసలు విషయం. డ్యాష్‌బోర్డులో చిన్న అర ఉంది. దాని మూత లోపలివైపు ఎవరో మేకుతో ‘వీర్రాజు, రాజోలు’ అని తెలుగులో గీశారు. దాని కింద వరసగా నలభై ఏడు నిలువు గీతలున్నాయి. చివరి గీత మిగతావాటికి రెండింతలు పొడుగు. ఈ జీపు నలభై ఏడుసార్లు సరిహద్దుకు వెళ్ళి వచ్చిందనీ, చివరిసారి ఏదో పెద్ద పోరాటమే చేసిందనీ నేను గ్రూపులో ప్రకటించాను. గ్రూపులో ఒక పళ్ళ డాక్టరుగారున్నారు, ఆయనకు మిలటరీ లారీ ఉంది. “మేకు ఎవరి దగ్గరైనా ఉంటుంది. మీది క్యాంటీనుకు కాయగూరలు మోసిన బండి” అని ఆయన తేల్చేశారు.

ఆ మెసేజ్‌ని నా భార్య సుజాత చదివింది. ఆమె లెక్కల టీచరుగా రిటైరైంది. ఇంటి ముందు పోర్టికోలో పదిమంది పిల్లలకు ట్యూషన్ చెప్పుకోవాలని ఆమె కోరిక, అక్కడ నా జీపు నిలబడి ఉంది. “యుద్ధానికి పోయిన బండని తేలితే ఉంచుకోండి. కాయగూరల బండైతే పాత ఇనుముకి వేసేద్దాం. సరేనా?” అంది. సరేనన్నాను. రాజోలులో తెలిసిన టీచరు ఒకాయన ద్వారా వీర్రాజు గారి ఆచూకీ దొరికింది. ఫోన్ చేస్తే ఆయనకు వినిపించింది ఒక్కటే, ఎవరో వస్తున్నారని. “ఆయ్, రండి. భోంచేద్దురుగాని” అని పెట్టేశారు. ఆయన్ని జీపు ముందు నిలబెట్టి, గీతల కథ ఆయన నోటితోనే చెప్పించి, వీడియో తీసి డాక్టరుగారి మొహాన కొట్టాలని బయల్దేరాను. తీర్పు చెప్పేవాళ్ళు అక్కడ ఉండాలి కదా అని సుజాత కూడా ఎక్కింది.

సిద్ధాంతం వంతెన

మూడో రోజు పొద్దున్న, గోదావరి పాయ మీద, సరిగ్గా వంతెన మధ్యలో జీపు ఆగింది.

“ఐదు” అంది సుజాత. దారిలో ఎన్నిసార్లు ఆగిందో ఆమె నోటిలెక్క వేస్తోంది.

ఎండ ముదిరితే ఈ జీపు అలుగుతుంది. అరగంట అయ్యాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. దీనికి కారణం కార్బురేటరేనని మా గ్రూపు ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇప్పటికి మూడు కార్బురేటర్లు మార్చాను.

ఆ అరగంటా సుజాత పిట్టగోడ దగ్గర నిలబడి నీళ్ళు చూసింది. మా వీధికి ట్యాంకరు వారానికోసారి వస్తుంది. జీపు కడగడానికి బకెట్ నీళ్ళడిగితే, ఆమె నన్ను దొంగను చూసినట్టు చూస్తుంది. చాలాసేపటికి ఇటు తిరిగి, “ఇన్ని నీళ్ళు ఊరికే పోతుంటే వీళ్ళకు ఎట్లా నిద్ర పడుతుంది?” అంది.

రావులపాలెంలో అరటి మార్కెట్టు. మా ఊళ్ళో రెండు డజన్లకు పెట్టే డబ్బుకు ఇక్కడ ఏకంగా గెల చేతికిచ్చారు. దాన్ని వెనక సీటు మీద పెట్టాక, మా యుద్ధ వాహనం నిజంగానే సంతకు పోతున్నట్టు కనిపించింది. ఫొటో తీయలేదు.

కొత్తపేట

పలివెల గుడికి వెళ్ళే మలుపు దగ్గర మళ్ళీ ఆగింది. ఏడు.

మా వైపు బండి ఆగితే ముందు “ఏమైంది?” అంటారు. ఇక్కడ “టిఫిన్ చేసేరాండీ?” అన్నారు. తర్వాత ఏ ఊరండీ, ఎవరింటికండీ, ఎవరి తాలూకండీ అని వివరాలన్నీ అయ్యాక గానీ బానెట్ దాకా రాలేదు. అప్పుడు స్కూటరు మీద ఒకాయన దిగారు. పేరు సత్తిబాబు. మస్కట్‌లో పద్దెనిమిదేళ్ళు కార్లకు రంగులు వేసి వచ్చి, అమలాపురంలో సొంతంగా పెయింటింగ్ షెడ్డు పెట్టుకున్నారు. ఐదు నిమిషాల్లో నేను ఆయనకు బావగారినైపోయాను, సుజాత అక్కగారైపోయింది.

“అరగంట ఆగితే అదే స్టార్టవుతుందండీ” అన్నాను.

“ఎంత మాటండీ బావగారూ! మిమ్మల్ని రోడ్డు మీద అరగంట నిలబెట్టేమని తెలిస్తే కోనసీమ పరువేంగావాలండీ?”

ఆయన అటుగా వెళ్తున్న కొబ్బరికాయల లారీని ఆపి, కొబ్బరి తాడుతో మా జీపును దాని వెనక కట్టేశారు. నలభై ఏడుసార్లు సరిహద్దుకు వెళ్ళొచ్చిన జీపు కొబ్బరికాయల వెనక తలొంచుకుని అమలాపురం ప్రవేశించింది. నిజం చెప్పాలంటే, తాడు కట్టాక అది ఒక్కసారి కూడా ఆగలేదు.

అమలాపురం

ఆ సాయంత్రానికే రాజోలు వెళ్ళాలన్నది మా ఆలోచన. “రాజోలు ఎక్కడికీ పోదండి” అన్నారు సత్తిబాబు గారు. ఆయన భార్య అప్పటికే పీటలు వేసేశారు.

మా ఊళ్ళో చాలు అంటే చాలే. ఇక్కడ చాలు అనడాన్ని అతిథి గొంతు సవరించుకోవడం కింద లెక్కగడతారు. పనసపొట్టు కూరకు ఆవ పెట్టారు, అది ముక్కులోంచి నేరుగా మెదడుకు వెళ్ళింది. ముద్దపప్పు, నెయ్యి, రొయ్యల ఇగురు, గడ్డపెరుగు, చివర్లో మామిడిపండు. నేను చెయ్యి అడ్డం పెడితే చెయ్యి పక్క నుంచి వడ్డించారు. “మీరసలేమీ తిన్లేదండి, మా వంట నచ్చలేదేమోనండి” అని ఆవిడ బాధపడ్డారు. ఆ మాట అనిపించుకున్న తర్వాత మనిషి ఇంకో ముద్ద తినకుండా బతకలేడు.

మర్నాడు పొద్దున్నే సత్తిబాబు గారు తన కారు, డ్రైవరుతో సహా, మా ముందు పెట్టారు. “బండి నేను చూసుకుంటానండి. మీరు మురమళ్ళ వెళ్ళి, అట్నించటే ద్రాక్షారామం కూడా చూసుకుని సాయంత్రానికి వచ్చెయ్యండి.”

“మురమళ్ళలో స్వామికి రోజూ కల్యాణం చేస్తారంట కదా, పెళ్ళి కానివాళ్ళు కదా వెళ్ళేది? మాకయ్యి ముప్పై నాలుగేళ్ళయింది” అంది సుజాత.

“ఆయ్. కానీ అక్కగారూ, నిన్న మధ్యాహ్నం నించీ బండి గురించి తప్పించి మీరిద్దరూ ఇంకేం మాటాడుకోలేదండి. ఓసారి వెళ్ళొస్తే మంచిదేనండి.”

మురమళ్ళ, ద్రాక్షారామం

వెళ్ళాం. మురమళ్ళ గుడిలో పెళ్ళికొడుకుల తల్లులు ఎక్కువగా కనిపించారు. ఒకావిడ నన్ను ఆపి, “మీ అమ్మాయికాండీ, అబ్బాయికాండీ?” అని అడిగింది. “జీపుకండీ” అంది సుజాత. ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోకుండా, “స్వామి అన్నీ చూస్తాడండి” అంది. ద్రాక్షారామంలో రెండంతస్తుల ఎత్తున్న భీమేశ్వర లింగాన్ని కింద ఒకసారి, మెట్లెక్కి పైన ఒకసారి చూశాం. రెండుచోట్లా నేను వీర్రాజు గారి కోసమే దణ్ణం పెట్టుకున్నాను. సుజాత దేనికి పెట్టుకుందో అడగలేదు.

మళ్ళీ అమలాపురం

సాయంత్రం షెడ్డు ముందు కారు దిగితే నా జీపు కనిపించలేదు. దాని స్థానంలో చిలకపచ్చ రంగులో ధగధగా మెరుస్తూ ఏదో ఉంది. అంచులకు పసుపు గీత. బానెట్ మీద అడ్డంగా రెండు తుపాకులు, వాటి మధ్య ఒక పూలకుండీ. వెనక కొబ్బరిచెట్టు, దాని పక్కనే సూర్యోదయం.

“మస్కట్‌లో షేకుల బళ్ళకి వేసిన చెయ్యండీ ఇది” అన్నారు సత్తిబాబు గారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, ఆనందంతో. “నలుగురం పొద్దున్నించీ టీ కూడా తాగలేదండి. మట్టి కొట్టుకుపోయి ఉంటే చూళ్ళేకపోయేనండి. మిలటరీ బండంటే పచ్చగానే ఉండాలి కదండీ, కానీ ఆ పచ్చ వెయ్యకూడదంట, అందుకని మేం ఈ పచ్చ వేసేవండి.”

నా చెయ్యి తనంతట తనే డ్యాష్‌బోర్డు అర మూత తీసింది. లోపల నున్నగా, చిలకపచ్చగా ఉంది.

“ఆ, అదొకటి బావగారూ. లోపలంతా ఎవడో మేకుతో గీకిపారేసేడండి. పుట్టీ పెట్టి నున్నగా చేయించేసేను.”

ఒక్క గీత లేదు. ఏడు వందల కిలోమీటర్లు దేనికోసం వచ్చానో దాని మీద రెండు పొరల పుట్టీ, మూడు పొరల రంగు ఉన్నాయి. నా దగ్గర ఫొటోలున్నాయి గానీ, ఫొటోలను డాక్టరుగారు ఎన్నడో కొట్టిపారేశారు. అరవాలనిపించింది. మా ఊళ్ళో అయితే అరిచేవాణ్ణి. కానీ నేను బావగారిని. బావగారు ఏం చెయ్యాలో అదే చేశాను. “చాలా బాగుందండీ” అన్నాను. ఖర్చెంతయిందని అడిగితే ఆయన నిజంగా నొచ్చుకున్నారు.

సుజాత మొహం అటు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోననుకున్నాను. నవ్వుతోంది.

అంబాజీపేట

మర్నాడు ఉదయం అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాం. పనసాకులు కుట్టి చేసిన బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పడుతుంది. మా ఊరి ఇడ్లీ మీద నాకున్న గౌరవం ఆ పూట బాగా తగ్గింది.

తినేలోగా జీపు చుట్టూ జనం చేరారు. ఒకాయన దీన్ని పెళ్ళికొడుకు ఊరేగింపుకు అద్దెకిస్తారా అన్నాడు. ఇంకొకాయన, ఐస్‌క్రీం ఎక్కడ పెట్టారండీ అని వెనక్కి తొంగిచూశాడు. నేను గ్రూపు తెరిచి చూశాను. డాక్టరుగారు తన లారీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ ఫొటో ఒకటి పెట్టారు. మూసేశాను.

“ఇప్పుడాయన ఎట్లా గుర్తుపడతాడండీ దీన్ని?” అంది సుజాత. మొదటిసారి ఆమె గొంతులో వెటకారం లేదు. నాకది వెటకారం కన్నా ఎక్కువ భయం పుట్టించింది. ఆమె అప్పటికే గెలిచినట్టు మాట్లాడుతోంది.

రాజోలు

కాలవ గట్టు మీద వీర్రాజు గారి పెంకుటిల్లు. గేటు ముందే జీపు ఆగిపోయింది. పదకొండు.

ఆయనకు డెబ్బై దాటి ఉంటాయి. గళ్ళ లుంగీ, తెల్ల బనీను, నిటారు నడుం. చెవి పక్కన గట్టిగా మాట్లాడాలి. చిలకపచ్చ జీపును చూసి మర్యాదగా నవ్వారు.

“బాగుందండి. సర్కస్‌దాండీ?”

నేను ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, గొంతు చించుకుని, ఇది మిలటరీ జీపండీ, మీ పేరు దీనిలో ఉందండీ, రంగు కింద ఉందండీ అని అరిచాను. ఆయన తల పంకించారు గానీ నమ్మినట్టు లేదు. ఎందుకాగిందో చూద్దామని బానెట్ ఎత్తారు. లోపల మాత్రం సత్తిబాబు గారి చెయ్యి పడలేదు. వీర్రాజు గారు వంగి చూశారు. పెట్రోలు పంపు మీద వేళ్ళు పెట్టి, కాలి, వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగారు.

“పీచేదండీ?”

“ఏ పీచండీ?”

“పంపుకి కట్టిన కొబ్బరి పీచండీ. నేను కట్టేను. ఎండకి పంపులో పెట్రోలు ఆవిరైపోద్దండి, కొండల మీదైతే మరీనూ. ఇంజనుకి అందదు, ఆగిపోద్ది. తడిపిన పీచు చుట్టి ఉంచితే చల్లగా ఉండి ఆగదు. సెలవుకొచ్చినప్పుడు మా పెరట్లోదే పట్టుకెళ్ళి కట్టేను. ఏదండీ?”

ఎలక గూడు. నేను పీకి పారేసిన ఎలక గూడు. ఆ పీచు సంగతి నేను ఎవరికీ, సుజాతకు కూడా, చెప్పలేదు. ఇంతకన్నా రుజువు లేదు. బండిలో ప్రతి తుప్పునూ కాపాడిన నేను, అందులో ఉన్న ఒకే ఒక్క వీర్రాజు గారి చేతిపనిని చెత్తకుప్పలో వేశాను. సిగ్గుతో ఆ మాటే చెప్పాను. ఆయన జీపు పక్కకు వచ్చి చిలకపచ్చ రేకు మీద అరచెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచారు.

“నలభై ఏడు గీతలున్నాయి కదండీ, అవి ఏంటండీ?” అని ఆయన చెవిలో అడిగాను. ఫోన్ గట్టిగా పట్టుకున్నాను.

ఆయన నవ్వారు. “ఆగిపోయినప్పుడల్లా ఒకటి గీసేవాణ్ణండి.”

సుజాత నా వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం కూడా లేదు. పోర్టికో ఆమెదైపోయింది. నలభై ఏడుసార్లు యుద్ధానికి వెళ్ళిన బండి కాదు, నలభై ఏడుసార్లు మొరాయించిన బండి.

అయినా లెక్కల టీచరు కదా, వదల్లేదు. ఆయన దగ్గరికి వెళ్ళి అడిగింది. “మరి చివరి గీత ఒక్కటే పొడుగ్గా ఎందుకుందండీ?”

వీర్రాజు గారు వెళ్ళి అరుగు మీద కూర్చున్నారు.

“అప్పుడు మేం కొండల పైకి వెళ్తున్నావండి. బోర్డర్లో గొడవగా ఉంది. ముందో బండి, ఎనక మాది. మాదాంట్లో నలుగురం. ఓ మలుపు ముందర ఇదాగిపోయింది. నేను తిట్టేనండి దీన్ని, నోటికొచ్చినట్టల్లా తిట్టేను. ముందెళ్ళినోళ్ళు ఆగమంటారా అన్నారు. మీరెళ్ళండి, అరగంటలో మేం వచ్చేత్తావన్నాను.” ఆయన కాలవ వైపు చూశారు. “మలుపు తిరిగేక ఆ బండి మరి తిరిగి రాలేదండి.”

నా చేతిలో ఫోన్ ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. సుజాత చెయ్యి చాపి దాన్ని ఆపేసింది.

“ఇది పళ్ళ డాక్టరుకు అక్కర్లేదు” అంది.

“తర్వాత నేను పీచు కడుతుంటే మావోళ్ళే వద్దన్నారండి. ఆగే బండే నయం, ఉండనీ అన్నారు” అని నవ్వబోయారు వీర్రాజు గారు. నవ్వు సగంలోనే ఆగింది.

“ఆ నలుగురూ ఇప్పుడు ఎక్కడున్నారండీ?” అంది సుజాత.

“ఒకాయన పోయేరండి. ఇద్దరు ఫోన్ చేత్తా ఉంటారు. నేనిక్కడున్నాను.”

నాకు ఏడుపొచ్చింది. ముప్పై రెండేళ్ళు కుర్చీలో కూర్చున్నవాణ్ణి, ఇంకొకరి భయాన్ని నా పరువు కోసం గ్రూపులో ఎన్నిసార్లు అమ్ముకున్నానో లెక్క గుర్తొచ్చింది. వీర్రాజు గారు మాత్రం లేచి, భోజనం చల్లారిపోతోందని లోపలికి పిలిచారు. తిన్నాక పెరట్లోంచి కొబ్బరి డొక్క తెచ్చి, పీచు తీసి, కాలవలో ముంచి, పంపు చుట్టూ పురితాడుతో కట్టారు. జీపు వెంటనే స్టార్టయింది.

బయల్దేరుతుంటే సుజాత ఆయన్ని ఒక మేకు అడిగి తీసుకుంది. ఎందుకని నేను అడగలేదు. దారిలో, సత్తిబాబు గారి నున్నటి పుట్టీ మీద, అర మూత లోపల, ఆమె పదకొండు గీతలు గీసింది.

ఇంటి దారి

నీళ్ళున్న దేశం దాటేదాకా జీపు ఆగలేదు. కాలవ కనిపించినచోటల్లా దిగి పీచు తడుపుతూ వచ్చాను. తర్వాత కాలవలు అయిపోయాయి. గ్రూపులో ‘కాయగూరల బండే, డాక్టరుగారు చెప్పిందే నిజం’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. ఆయన మూడు చప్పట్లు పెట్టారు.

తాడిపత్రి దాటాక, మిట్టమధ్యాహ్నం, జీపు ఆగింది. బానెట్ ఎత్తి చూస్తే పీచు ఎండి కరకరలాడుతోంది. చుట్టుపక్కల చెట్టు లేదు, చుక్క నీరు లేదు. అరగంట ఆగుదామన్నాను.

సుజాత దిగింది. తన తాగే నీళ్ళ సీసా మూత తీసింది. ఇంట్లో బండి కడగడానికి బకెట్ నీళ్ళివ్వని మనిషి, ఉన్న నీళ్ళన్నీ, చివరి చుక్క దాకా, ఆ పీచు మీద పోసింది.

“ట్యూషన్ మేడ మీద పెట్టుకుంటాలెండి” అంది.

ఎక్కి కూర్చున్నాక హ్యాండ్‌బ్యాగులోంచి మేకు తీసి, మూత తెరిచి, ఇంకో గీత గీసింది. చిన్నదే గీసింది.